రాకుమారి రంగు

ఖరగ్‌పూర్, 1962, ఆదివారం రాత్రి

అమ్మ బతికుండగా చెప్పిన కథలో నాగలోకపు రాకుమారి నల్లనిది, నేరేడుపండులా నిగనిగలాడేది. ఇవాళ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో అదే కథ సినిమాగా వేశారు. రాకుమారి తెల్లగా ఉంది. ఒంటికి నల్లరంగు పూసుకున్నవాళ్లంతా రాక్షసుడి బంట్లు. తీసినవాడి కళ్లలో బొగ్గుపొడి కొట్టాలి!

దారిలో చెల్లి అడిగింది. "అన్నియ్యా, అమ్మ అబద్దం సెప్పినాదేటి?"

"అబద్దం ఆడినోడు ఆ సినిమావోడే!" అన్నాను.

ఇంటికొచ్చాక పెరట్లో కిరసనాయిలు వాసన. రోజూ వర్క్‌షాప్ నుంచి వచ్చాక నేను కిరసనాయిల్లో ముంచి గ్రీజు తుడుచుకునే నూలుపీచుతో చెల్లి మొహం రుద్దుకుంటోంది.

"నీ సేతులది పోతాది కదా. నాది పోదేటి?"

పీచు లాక్కున్నాను. బుగ్గలు కందిపోయాయి. పక్కన పడుకోబెట్టి అమ్మ కథే మొదలుపెట్టాను. రాకుమారి నల్లనిది అనగానే చెల్లి చెవులు మూసుకుంది.