మీరు ఏరమన్న పది రికార్డులు

ముద్దికుప్పం,
20-6-1982

మా వారికి,

మునిలక్ష్మి చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, అత్త, తాయమ్మ, రెండు మేకలు, అందరం సుఖంగా ఉన్నాం. అత్త మోకాళ్ళ నొప్పి కూడా సుఖంగానే ఉంది, ఇల్లు వదిలి ఎక్కడికీ పోలేదు. మీరు శ్రీహరికోట ఉప్పుగాలిలో వేళకు తిని, వేళకు పడుకుంటున్నారని నమ్ముతున్నాను.

మీ ఉత్తరం అంది ఇరవై రోజులైంది. జవాబు ఆలస్యమైందని కోప్పడకండి. ద్రౌపదమ్మ గుడి ముందర భారతం జరిగే పద్దెనిమిది రోజులూ మన ఊళ్ళో ఉత్తరం రాసే తీరిక ఎవరికీ ఉండదని మీకు తెలుసు. మొన్న దుర్యోధనుడి మట్టిబొమ్మ తొడ విరిగింది, సాయంత్రం నిప్పుల గుండం తొక్కారు, నిన్నంతా ఊరు ఊరే నిద్రపోయింది. ఇవాళ కాళ్ళు చాపుకుని కూర్చుని రాస్తున్నాను.

మీరు అడిగినవాటికి వరసగా చెబుతాను. తాయమ్మ రెండో తరగతికి వచ్చింది. వంటింటి పెంకులు వానకు ముందే సర్దించాను. మీకు కరెంటు పని పర్మినెంటు అయిందని చదివి వినిపించగానే అత్త ఆ ఉత్తరం లాక్కుని దేవుడి పటం వెనక పెట్టింది, ఇప్పటికీ తీయనివ్వదు. సూళ్ళూరుపేటలో ఇల్లు చూశాననీ, ఆషాఢం దాటగానే మమ్మల్ని తీసుకుపోతాననీ రాశారు. చాలా సంతోషం. ఆ తర్వాతి నాలుగు వరసలే నాకు మింగుడు పడలేదు. మైకు సెట్టును చిత్తూరులో మైకులు అద్దెకిచ్చే ఆదిమూలానికి అమ్మేయమన్నారు. మీరు పోయినప్పటినుంచి రెండేళ్ళుగా దాన్ని నేనే నడుపుతున్నా, ఇకమీదట సర్కారు ఉద్యోగి భార్య పెళ్ళిపందిట్లో గొట్టాల పక్కన కూర్చుంటే నలుగురూ నవ్వుతారన్నారు. ఇష్టమైన పది రికార్డులు ఏరి పెట్టుకుని మిగతావి సెట్టుతోపాటు ఇచ్చేయమన్నారు.

మీ మాట తీసేయకుండా ట్రంకుపెట్టె తెరిచి రికార్డులన్నీ చాప మీద పరిచాను. ముందు చేతికొచ్చింది నాగస్వరం. అంచు విరిగి, మొదటి రెండు చుట్లూ టకటక కొట్టుకుని, ఆ తర్వాత దారిలో పడుతుంది. దాంతో పెళ్ళయిన జంటలు ఈ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో! ఆ టకటక వినపడకపోతే పెళ్ళి మొదలైనట్టు అనిపించదని మా మేనత్త అంటుంది. అది తీసి పక్కన పెట్టాను.

రెండోది ఆ సినిమా పాట. ఏదని అడక్కండి, మీకు తెలుసు. మా అక్క పెళ్ళికి మీరు సెట్టు తెచ్చినప్పుడు, నేను బిందె ఎత్తుకుని పందిరి ముందు నుంచి పోయినప్పుడల్లా అదే పాట వచ్చేది. మూడోసారికి మా నాయన మీ దగ్గరకు వచ్చి, “ఏమప్పా, నీ దెగ్గర ఈ ఒక్క పాటే ఉండాదా?” అని అడిగినాడు. మీరు తొణక్కుండా, “ముల్లు ఇరుక్కొనింది పెద్దాయనా” అన్నారు. ముల్లు ఇరుక్కుంటే ఒకే మాట తిరుగుతుంది గానీ పాటంతా మొదటినుంచి ఎట్లా వస్తుందని మా నాయనకు తట్టలేదు. నాకు తట్టింది. అందుకే నాలుగోసారి బిందె నిండకుండానే తెచ్చాను.

అరవ జోలపాట రికార్డు మా అమ్మ కోసం. గుడియాత్తం నుంచి కోడలుగా వచ్చి నలభై ఏళ్ళు తెలుగులోనే కాపురం చేసినా, మంచాన పడ్డాక ఆమెకు అరవమే గుర్తుండింది. మీరు కాట్పాడి పోయి దాన్ని వెతికి తెచ్చి, సెట్టు మోసుకొచ్చి ఆమె మంచం పక్కన పెట్టారు. మా అన్నదమ్ములెవరికీ రాని ఆలోచన అది. ఆ రోజు నేను మీకేమీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను, జన్మలో మరిచిపోను.

దర్గా ఉరుసుకు తెచ్చిన ఖవ్వాలీలో నాకు ఒక్క ముక్క అర్థం కాదు. కానీ అది పెట్టుకుంటే ఆ చప్పట్ల ఊపుకు అరగంటలో పిండి రుబ్బేస్తాను, అత్త కూడా గోడకు ఆనుకుని తల ఊపుతుంది. క్రైస్తవ కీర్తన రికార్డు మన బడి శాంతయ్య సారు ఇచ్చినది. తాయమ్మకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆస్పత్రి వరండాలో సారు భార్య ఆ కీర్తన పాడుతూ నా వీపు నిమిరింది. దేవుడెవరైతేనేం, పాప కళ్ళు తెరిచింది. బుర్రకథ రికార్డు పోయిన మీ నాయన నవ్విన నవ్వు కోసం. హరికథ అత్త కోసం. తిరుపతిలో పాత సామాన్ల అంగట్లో సినిమా పాటలనుకుని మీరు పొరపాటున కొన్న వీణ మాత్రం నా ఒక్కదాని కోసం. రెండేళ్ళలో ఒక్క పెళ్ళివాళ్ళూ దాన్ని అడగలేదు. పని ముగించి సెట్టు కట్టిపెట్టే ముందు గొట్టాల తీగ పీకేసి, ముల్లు చేసే సన్నటి చప్పుడుకే చెవి ఆనించి దాన్ని వింటాను. తొమ్మిదోది జాతర పాట, దానికి కారణం అక్కర్లేదు, కాళ్ళు ఆగవు.

పదోది ఏరలేకపోయాను. ఎందుకంటే నాకు అన్నిటికంటే ఇష్టమైన పాట ఆ పెట్టెలో లేదు. అది మన భారతంలో అర్జునుడి వేషం కట్టే కుప్పయ్య మామ తపస్సు పాట.

పెళ్ళయిన నాలుగేళ్ళకు కూడా కడుపు పండలేదని అత్త నన్ను అర్జున తపస్సు రోజు తడి చీరతో మాను చుట్టూ పడుకున్న ఆడవాళ్ళ మధ్య పడుకోబెట్టింది గుర్తుందా? మొహం మట్టిలో, వీపు మీద ఎండ. అరవై అడుగుల మాను మీద అర్జునుడి వేషంలో కుప్పయ్య మామ. ఒక్కో మెట్టుకు ఒక్కో పద్యం పాడుతూ ఎక్కినాడు. సిగ్గుతో చచ్చిపోతున్నదాన్ని, ఆ గొంతు పైనుంచి నా వీపు మీదికి దిగుతుంటే ఏడుపు ఆగిపోయింది. ఆయన పైనుంచి విసిరే నిమ్మకాయ దొరికితే పిల్లలు పుడతారంటారు గదా, నా దగ్గర ఒక్కటీ పడలేదు. అయినా లేచేటప్పుడు నా మనసు నిండుగా ఉండింది. మరుసటి ఏడు తాయమ్మ పుట్టింది. నిమ్మకాయ లేకుండా పాటకే పుట్టిన పిల్ల అని నేను లోపల అనుకుంటూ ఉంటాను.

ఇప్పుడు కుప్పయ్య మామకు అరవై దాటింది, గొంతు తగ్గింది. పోయినేడు మాను కింద ఉన్నవాళ్ళకే సరిగ్గా వినపడలేదు. అది పట్టుకుని ఆదిమూలం మన ద్రౌపదమ్మ గుడి ధర్మకర్త మునిరామయ్య దగ్గరికి వచ్చినాడు. ఎవరో పట్నం ఆయన పాడిన అర్జునుడి పద్యాలు క్యాసెట్టులో ఉన్నాయట. మన సెట్టు ఎట్లాగూ తనకే వస్తుంది గనక ఈ ఏటినుంచి భారతం తానే చూసుకుంటాడట. కుప్పయ్య మామ వేషం కట్టి మాను ఎక్కితే చాలట. ఆ మాట విని మామ మన అరుగు మీదకు వచ్చి కూర్చున్నాడు. మజ్జిగ ఇస్తే తాగలేదు.

“ముప్పై ఏండ్లు పాడినాను మునిలక్ష్మీ. ఇప్పుడు పెదాలు ఆడిస్తే సాలంట” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నేరుగా మునిరామయ్య ఇంటికి పోయాను. తపస్సు నాటికి సెట్టు నా చేతికే వదలమన్నాను. మాను మీదినుంచి కుప్పయ్య మామ సొంత గొంతు జనంలో చివరి మనిషిదాకా వినపడకపోతే, మర్నాడే సెట్టు బండికెత్తి ఆదిమూలం ఇంట్లో దింపుతానని చెప్పాను. మీరు అమ్మమన్న సంగతి ఆయనకు తెలుసు, అందుకే కొంచెం నవ్వి సరేనన్నాడు.

ఇంతవరకు చదివి మీరు బీడీ వెలిగించి ఉంటారు. ఆర్పేయండి. అసలు సంగతి ఇంకా రాయలేదు, నాలుగుసార్లు రాసి కొట్టేశాను. కోపం వస్తే రానీండి గానీ పూర్తిగా చదవండి.

మైకు మాను మీద కట్టాలని ముందే అనుకున్నాను. తపస్సుకు ముందు రోజు సాయంత్రం, మనకు గొట్టాలు కట్టే గురప్ప ఎక్కి మైకు కట్టినాడు. ఎత్తున ఉంటే ఎక్కువ దూరం వినిపిస్తుంది గదా అని నేనే తెలివి చేసి, గొట్టం కూడా మాను కొనన ఉండే మంచె పక్కనే కట్టించాను. గొట్టం మొహం, మైకు మొహం ఒకదాన్నొకటి చూసుకోకూడదని మీరు నాకు నేర్పిన మొదటి పాఠం. ఆ సంబరంలో అదే మరిచిపోయాను. తెల్లవారి సెట్టు వేసి చూస్తే ఊరంతా లేచేలా కూత పెట్టింది. గురప్ప కోసం పోతే, వాడు మొదటి బస్సుకే చిత్తూరు పోయినాడన్నారు. ఆదిమూలం పందిరి పనికి పిలిచినాడట. పది గంటలకు మానుకు పూజ. కుప్పయ్య మామ వేషానికి కూర్చున్నాడు, పూజ కాకుండా ఎక్కడు. మిగిలిన మగవాళ్ళు అంత ఎత్తు ఎక్కమంటే కళ్ళు తిరుగుతాయన్నారు.

ఆడది ఆ మాను ఎక్కకూడదు. మానును ముట్టుకోవడానికే వెనకాడతాం. పూజకు ముందు స్నానాలకని అందరూ చెరువుకు పోతే, నేను కింద నిలబడి పైకి చూస్తున్నాను. నా వెనకే వచ్చిన అత్త చీర కొంగు నా నడుముకు బిగించి కట్టింది.

“పూజ జరిగితేనే అది తపస్సు మాను. అంతదాకా ఉత్త మానే. ఎక్కు, నేను కిందుండాను” అంది.

ఎక్కాను. మీ మీద ఒట్టు, సగం దాటాక కిందికి చూడలేదు. మెట్లుగా కొట్టిన చెక్కలు పట్టుకుని, మీరు గోడెక్కేటప్పుడు చెప్పే మాటే నాకు నేను చెప్పుకున్నాను, మూడు పట్లు ఉండగానే నాలుగోది మార్చాలని. పైన గాలి బాగా కొడుతోంది. గొట్టం విప్పి తాడు కట్టి కిందికి వదిలితే, మోకాళ్ళ నొప్పి మనిషి రెండు చేతులా తాడు పట్టుకుని దింపుకుంది. మైకుకు గాలి తగలకుండా నా రవిక గుడ్డ ముక్క చుట్టి వచ్చాను. గొట్టాలు నాలుగూ మానుకు ఎడంగా, మానుకు వీపు, జనం కూర్చునే వైపుకు మొహం తిప్పి కట్టాం. నేను దిగినా మనసు మాత్రం మాను మీదే నిలబడి ఉంది. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు మీకు. ఎవరికైనా చెబితే ఊరుకోను.

మధ్యాహ్నం కుప్పయ్య మామ పాట ఎత్తుకున్నాడు. మైకుకు అందే ఎత్తుకు చేరి పాడిన మొదటి పద్యంలో దగ్గు వచ్చింది, అది కూడా నాలుగు గొట్టాల్లో వినిపించింది. ఆదిమూలం జనంలోనే నిలబడి నవ్వినాడు. తర్వాత మామ మంచె మీదికి చేరి, కళ్ళు మూసుకుని గొంతు విప్పినాడు. ముసలి గొంతే. కానీ ఊపిరి తీసుకోవడం, పదం చివర వణకడం, అన్నీ చెవిలో చెప్పినట్టు వినపడ్డాయి. చెరకు తోటల అవతల రోడ్డు మీద బస్సు ఆగింది, జనం దిగి నిలబడ్డారు. తడి చీరలతో పడుకున్న ఆడపిల్లల వీపులు కదులుతున్నాయి. నేను సెట్టు దగ్గర కూర్చుని, ఒక చెయ్యి మీట మీద పెట్టి, రెండో చేత్తో కళ్ళు తుడుచుకున్నాను. గెలిచామని నాకు అప్పుడే తెలిసిపోయింది. దిగినాక మామ నా తల మీద చెయ్యి పెట్టినాడు. ఆదిమూలం మాత్రం వచ్చి, మైకుకు చుట్టిన గుడ్డ ఏం గుడ్డని అడిగినాడు. చెప్పలేదు.

అందుకని చెబుతున్నాను, సెట్టు అమ్మలేదు, అమ్మను. సూళ్ళూరుపేటకు తప్పకుండా వస్తాను, నా వెంట ట్రంకుపెట్టె, గొట్టాలు, బ్యాటరీ అన్నీ వస్తాయి. అక్కడ మాత్రం పెళ్ళిళ్ళు కావా? ఏటా భారతం పద్దెనిమిది రోజులకు నన్ను, అత్తను మీరే బస్సెక్కించి పంపాలి. సెలవు దొరికితే మీరూ రండి, గొట్టాలు కట్టడానికి గురప్పను ఇక పిలవను.

ఒక్క సంగతి మీకు నొప్పి కలిగించవచ్చు, అది కూడా నేనే చెప్పాలి. గుండం తొక్కిన సాయంత్రం, వచ్చే ఏటికి మేళాలను ఖాయం చేసే తాంబూలాలు ఇచ్చారు. తాంబూలం అందుకునేవాళ్ళు మైకులో తమ మేళం పేరు తామే చెప్పుకోవడం ఆచారం గదా. నాగస్వరంవాళ్ళు చెప్పారు, వేషగాళ్ళు చెప్పారు. నా వంతు వచ్చింది. మునిరామయ్య తాంబూలం పట్టుకుని, సెట్టు ఎవరిదని అడిగినాడు. నాకు నోరు రాలేదు. మొగుడి పేరు నోటితో ఎట్లా పలకను? పదకొండేళ్ళలో ఒక్కసారి పలకలేదు, ఊరంతటి ముందు, అదీ నాలుగు గొట్టాల్లో పలుకుతానా? జనం నవ్వడం మొదలుపెట్టారు. అప్పుడు కుప్పయ్య మామ, వేషం రంగు ఇంకా కడుక్కోకుండానే లేచి నిలబడ్డాడు.

“మొగుని పేరు సెప్పకూడదంటే ఆ పిల్ల పేరే సెప్పనీయప్పా, దానికేమి అడ్డం ఉండాది?” అన్నాడు.

మైకు దగ్గరికి జరిగి చెప్పాను. మునిలక్ష్మి మైకు సెట్టు. నా పేరు చెరకు తోటలదాకా పోయి మళ్ళీ నా చెవికే వచ్చింది. ఊరు ఆ పేరుతోనే తాంబూలం ఇచ్చింది. ఇందులో నా తప్పేమీ లేదు, మీ పేరు పలకకూడదని పెళ్ళినాడు నేర్పింది మీ అమ్మే. ఆమె ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఇట్లు,
మీ ఇల్లాలు, మీ అమ్మ మెచ్చిన కోడలు,
మునిలక్ష్మి