కామెర్లు కాదు

మార్చి 4
అండాలు సరిగ్గానే విడుదలవుతున్నాయట. థైరాయిడ్ లేదు, గర్భసంచిలో గడ్డల్లేవు. ఇక ట్యూబులు చూడాలంది డాక్టరమ్మ. నేను పనిచేసే హేచరీలో గుడ్లు పొదిగే మిషన్ల వేడికి ఇలా అయిందేమోనని అత్త అడిగింది. అయితే అక్కడ పనిచేసే మిగతా ఆడవాళ్లకు పిల్లలెలా పుట్టారమ్మా అని డాక్టరమ్మ నవ్వింది. అత్త నవ్వలేదు.

మార్చి 11, మధ్యాహ్నం
మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. ప్రాణం పోయినంత పనయింది. రెండు ట్యూబులూ మూసుకుపోయాయి. ఎప్పుడో లోపల ఇన్‌ఫెక్షన్ వచ్చి మానిన గుర్తులట. ఇదివరకు గర్భం తీయించుకోవడం, ఆ తర్వాత జ్వరం రావడం లాంటివేమైనా ఉన్నాయా అని డాక్టరమ్మ అడిగింది. నేను నోరు తెరిచేలోపే, మా కోడలికి తలనొప్పి కూడా ఎరగమండీ అని అత్త అందుకుంది. మా ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు.
నేనూ ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో.

మార్చి 11, సాయంత్రం
పెళ్లయిన ఏడాదే నెల తప్పాను. అప్పుడే ఆడపడుచు పెళ్లి కుదిరింది. నువ్వు వేవిళ్లతో మూల కూర్చుంటే పనులెవరు చేస్తారు, పిల్లలకేం తొందర అంది అత్త. ఊరి చివర నర్సమ్మ ఇంటికి తీసుకెళ్లింది. మా ఆయన ఇద్దర్నీ స్కూటర్ మీద దింపి వెళ్లిపోయాడు. తనిచ్చిన మాత్రలతో గర్భం పూర్తిగా పోలేదని నర్సమ్మ మంచం మీదే క్లీనింగ్ చేసింది. కాళ్లు అత్తే పట్టుకుంది. తర్వాత జ్వరం, వాసన. ఆస్పత్రికి వెళ్తే వియ్యాలవారికి తెలుస్తుందని వెనక గదిలో పడేశారు. అడిగినవాళ్లకు కామెర్లని చెప్పారు.
పెళ్లి బాగా జరిగింది. అంట్లు నేనే తోమాను.

మార్చి 15
హేచరీలో ఒక షెడ్డు కోళ్ల గుడ్లు సగానికి సగం పిల్లలు కాలేదు. పెట్టల్ని తిట్టకండి, ముందు పుంజుల్ని చూడండి అన్నాడు సూపర్‌వైజర్. ట్రే కింద పెట్టి నవ్వాను. నవ్వు ఆగలేదు. మా ఆయనకు ఇంతవరకు ఒక్క టెస్టూ చేయించలేదు.

మార్చి 20
ఆదివారం మామగారి అన్న పెద్దమామయ్య వస్తాడట, మా ఆయనకు రెండో సంబంధం మాట్లాడటానికి. నిన్నేం వెళ్లగొట్టరులే వదినా, నీ తిండి నీకు పెడతారు అని ఆడపడుచు ఓదార్చింది. దాని ఒళ్లో దాని కొడుకు.

మార్చి 23
కాఫీలిచ్చి అక్కడే నిలబడ్డాను. గొడ్రాలిని పెట్టుకుని వంశం ఎలా నిలుస్తుంది అంటోంది అత్త. అప్పుడు చెప్పాను. నర్సమ్మ, మంచం, కాళ్లు పట్టుకున్నదెవరో, జ్వరం, అన్నీ. నిజమేనట్రా అని పెద్దమామయ్య మా ఆయన్ని అడిగాడు. ఆడవాళ్ల గొడవలు నాకేం తెలుసన్నాడు. స్కూటర్ ఎవరు నడిపారన్నాను. ఆడపడుచు లేచి లోపలికి వెళ్లింది. పెద్దమామయ్య సంబంధం మాట ఎత్తకుండానే చెప్పులేసుకున్నాడు.

మార్చి 24
ఆ నర్సమ్మ ఎప్పుడో పోయింది, ఇంకెవర్ని అడుగుతావు అంది అత్త.
నిన్నే అన్నాను.