నన్ను మట్టి చేసే రోజున

ఈ ఉదయం నాన్న చొక్కా తిరగేసి తొడుక్కుని గుడికి వెళ్ళాడు. మెడ వెనక కుట్లూ, దర్జీ కుట్టిన పేరు ముక్కా బయటికి కనబడుతూనే ఉన్నాయి. పూజలో ఎవరూ చెప్పినట్టు లేదు. అలాగే తిరిగి వచ్చాడు. నేనూ చెప్పలేదు. నా మాత్రలు పళ్ళెంలో పెట్టి, నీళ్ళు ముంచి పక్కన ఉంచి, తోటకి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక తలుపు దగ్గరికి వేసి ఇది రాయడానికి కూర్చున్నాను.

నేను కలపాల మరియ మాధురిని. బాలశౌరి గారికీ, కాలం చేసిన విజయరాణి గారికీ ఒక్కతే కూతురిని. వయసు ఇరవై ఏడు. పెళ్ళి కాలేదు. ఇల్లు ముసునూరు. నూజివీడులో నేను చదువుకున్న కాన్వెంటు స్కూల్లోనే లైబ్రరీ చూస్తాను. నా గుండె బాగోలేదు గాని బుద్ధి బాగానే ఉంది. ఎవరూ చెప్పి రాయించకుండా, ఎవరి మొహమాటానికీ లొంగకుండా, నా చేత్తో నేనే ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకు ముందు ఇలాంటిది ఏదీ రాయలేదు.

సోమవారం విజయవాడలో నాకు ఆపరేషను. హైస్కూల్లో ఉండగా వేసిన వాల్వు పాడైంది, మళ్ళీ వేయాలి. రెండోసారి అంత తేలిక కాదని డాక్టరుగారు నాన్న ముందే చెప్పారు. బయటికి వస్తే రోడ్డుకి అవతల వైన్ షాపు ఉంది. నాన్న దాని వంక ఒకసారి చూసి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని బస్టాండు వైపు నడిచాడు. పోతానేమోనన్న భయం నాకు కొంచెమే ఉంది. నేను పోయిన రోజున నాన్న మళ్ళీ తాగుతాడేమోనన్న భయం చాలా ఉంది. అందుకే ఈ కాగితాలు.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత మా హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ ఆరోగ్యం గారికి అప్పగిస్తున్నాను. నాకు తెలుగు చెప్పింది ఆవిడే. ఇందులో తప్పులు కనిపిస్తే ఎర్ర ఇంకుతో దిద్దకుండా, ఉన్నది ఉన్నట్టు అమలు చేయమని మనవి.

2. ముసునూరు పొలిమేరలో మా అమ్మమ్మ నా పేర రాసిన మామిడి తోట, అందులోని చిన్న రసాల చెట్లు, గట్టు మీది రెండు బంగినపల్లి చెట్లు, బోరు, రేకుల షెడ్డుతో సహా, మా తండ్రి బాలశౌరి గారికి చెందాలి. అమ్ముకునే హక్కుతో, కౌలుకి ఇచ్చుకునే హక్కుతో, ఏ షరతూ లేకుండా చెందాలి.

ఏ షరతూ లేకుండా అన్న మాట చూసి సిస్టర్ గారు కంగారు పడతారని తెలుసు. అల్లుడి చేతికి చిక్కకూడదనే అమ్మమ్మ ఆ తోట నా పేర పెట్టింది. రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద అందరూ వినేలా, "ఆడి నోట్లో పోసుకోడానికి కాదు నా చెట్లు," అంది. నాన్న ఆ పక్కనే స్టాంపు కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తాగితే హక్కు పోతుందని ఒక వాక్యం చేర్చమని దస్తావేజులు రాసే ఆయన నాకు సలహా ఇచ్చాడు. రాశాను. మళ్ళీ కొట్టేశాను. నాన్న మానింది షరతు వల్ల కాదు.

3. మా ఊరి గుడి విచారణ గురువులు ఫాదర్ చార్లెస్ గారికి నా కొత్త గొడుగు. ఆయన గొడుగులన్నీ చావు ఇళ్ళలో మరిచిపోతారు.

నాన్న మామిడి కోత ముఠాకి మేస్త్రి. సీజన్లో సాయంత్రం కూలితో పాటు వ్యాపారులు సీసా కూడా ఇచ్చేవారు. సీజను అయిపోయాక కూలి ఆగేది, సీసా ఆగేది కాదు. అమ్మ పెళ్ళినాటి ఇత్తడి సామాను ఒక్కొక్కటే ఇంట్లోంచి వెళ్ళిపోయింది. అప్పట్లో ఈస్టరుకి ముందు తపస్కాలం శుక్రవారాల్లో మా ఊరి వీధుల్లో సిలువ మార్గం జరిగేది. ఇప్పటికీ జరుగుతుంది. మద్దికర్రతో చేసిన పెద్ద సిలువని మగవాళ్ళు వంతుల వారీగా మోస్తారు. తాగేవాణ్ణి దాన్ని ముట్టుకోనివ్వరు. అలాంటిది ఫాదర్ గారే మా గుమ్మంలోకి వచ్చారు.

"బాలశౌరీ, శుక్రవారం సిలువ నువ్వే మొయ్యాలి. మిగతా రోజుల సంగతి నేనడగను."

"నా చేతులు వణుకుతాయి ఫాదర్."

"సిలువకేం ఫర్వాలేదు."

ఆ శుక్రవారం నాన్న తాగలేదు. చెమటతో తడిసిపోయి, చివరిదాకా మోశాడు. శనివారం తాగాడు. తర్వాతి శుక్రవారం మళ్ళీ మోశాడు. ఊళ్ళోవాళ్ళు ఫాదర్ గారిని చాలా అన్నారు. అయినా ఆయన సిలువ నాన్నకే ఇచ్చారు. పవిత్ర శుక్రవారం నాటికి నాన్నే అడిగాడు, ఎక్కడికైనా తీసుకెళ్ళమని. సిస్టర్లు నడిపే ఒక ఆసుపత్రిలో చేర్చారు. అమ్మ అక్కడి వరండాలో జపమాల చెప్పుకుంటూ పడుకునేది. నాన్న చిక్కిపోయి తిరిగి వచ్చాడు, ఫాదర్ గారి దగ్గర తప్పులు చెప్పుకుని పాపసంకీర్తనం చేశాడు, ఆదివారం అందరితో పాటు లేచి దివ్యసత్ప్రసాదం తీసుకున్నాడు. నేను అప్పుడు ఆయన చేతులే చూస్తున్నాను. వణుకుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత మా ఇంట్లో కొన్నేళ్ళు మామూలు ఏళ్ళు. వాటి గురించి రాయడానికి ఏమీ లేదు. అవే కావాలి నాకు.

4. నన్ను మట్టి చేసే రోజు గురించి. ఇది ఆస్తి కాదు గాని, నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. చట్టం దీన్ని పట్టించుకోకపోయినా మనుషులు పట్టించుకోవాలి.

మా వైపు గుంట తవ్వినవాళ్ళకీ, మోసినవాళ్ళకీ, డప్పు కొట్టినవాళ్ళకీ మందు పోయిస్తారు. పోయించకపోతే పోయిన మనిషికి మర్యాద చెయ్యలేదంటారు. అమ్మ జ్వరంతో పోయినప్పుడూ అలాగే చేశారు. సమాధుల తోట గోడ వెనక మా బాబాయి చిన్నరాయప్ప నాన్నకి గ్లాసు ఇచ్చాడు.

"అన్నయ్యా, ఈ ఒక్కటి పుచ్చుకో. లేకపోతే నీ గుండె ఆగిపోద్ది."

నాన్న వద్దన్నాడు. బాబాయి మళ్ళీ ఇచ్చాడు. నాన్న మళ్ళీ వద్దన్నాడు. అప్పుడు పెద్దవాళ్ళు కూడా చుట్టూ చేరి, పెళ్ళాన్ని మట్టిలో పెట్టినోణ్ణి ఒక్క గుక్కకి దేవుడేం అనడులే అని చెప్పారు. నేను ఆడవాళ్ళతో కొవ్వొత్తి పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన తాగడం చూశాను. అక్కడ ఒక్కరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అందరూ ఏడుస్తూనే ఉన్నారు. అమ్మ సమాధి కట్టడానికి తెచ్చిన సిమెంటు నాన్న మళ్ళీ తాగుడులో పడితే, ఆ సంవత్సరం బస్తాల్లోనే గడ్డకట్టింది.

రెండోసారి మానడం మొదటిసారి లాంటిది కాదు. ఎవరూ గుమ్మంలోకి రాలేదు. చాలాకాలం తర్వాత నాన్నే ఒక తెల్లవారుజామున గుడికి వెళ్ళి చివరి బెంచీ మీద కూర్చున్నాడు. ఫాదర్ గారు గంట తాడు ఆయన చేతికి ఇచ్చి, రోజూ పూజకి గంట కొట్టమన్నారు. తాగిన మర్నాడు గంట మోగేది కాదు. మా ఇంట్లో సంగతి ఊరంతటికీ అలా తెలిసేది. ఆ నిశ్శబ్దంలో నేను తల దించుకుని స్కూలు బస్సు ఎక్కేదాన్ని. మెల్లగా మోగని రోజులు తగ్గాయి. ఇప్పుడు రోజూ మోగుతోంది. నాన్న మానేశాడని నేను ఒకసారి ఎవరితోనో గర్వంగా అంటే ఆయన నన్ను పక్కకి పిలిచి, "మానేశానని అనకు పాపా. ఇవాళ్టికి మరియమ్మ తల్లి పట్టుకుంది, అంతే," అన్నాడు.

కాబట్టి నా కోరికలు ఇవి. నన్ను ఉదయం పూజ కాగానే గుడి నుంచే తీసుకెళ్ళాలి, మధ్యాహ్నానికి అంతా అయిపోవాలి. ఇంటి నుంచి సమాధుల తోట దాకా, ఆ తర్వాత నలభయ్యో రోజు భోజనాల దాకా, ఒక్క చుక్క మందు ఉండకూడదు. గుంట తవ్వినవాళ్ళనీ, డప్పు వాళ్ళనీ తక్కువ చేయకూడదు. వాళ్ళకి కూలి ముందే ఇచ్చి, కూర్చోబెట్టి కోడి పులావు, మజ్జిగ వడ్డించాలి. కాయలు దిగే కాలమైతే మనిషికొక బుట్ట రసాలు ఇంటికి పంపాలి. మాధురికి మర్యాద జరగలేదని ఎవరైనా అంటే, మాధురే అలా రాసిందని ఈ కాగితం చూపించాలి.

ఆ రోజు గంట నాన్నే కొడతాడు. పాపం అని ఎవరూ ఆయన చేతిలోంచి తాడు తీసుకోవద్దు.

5. మా బాబాయి చిన్నరాయప్పకి నా స్కూటీ. దానితో పాటు ఒక పని. నన్ను మట్టి చేసేటప్పుడు సమాధుల తోట గేటు దగ్గర నిలబడి, సీసా ఏదీ లోపలికి రాకుండా చూడాలి.

ఈ సంగతి పోయిన వారమే ఆయనతో చెప్పాను. మొదట నవ్వాడు. "ఏంటమ్మా లైబ్రరీ మేడమ్, చచ్చాక కూడా సైలెన్స్ బోర్డు పెడతావా?" అన్నాడు. తర్వాత నవ్వలేకపోయాడు. మా అరుగు మీద కూర్చుని లుంగీ అంచు చాలాసేపు మడతపెట్టుకున్నాడు. లేచి వెళ్ళేటప్పుడు సరే అన్నాడు.

బాబాయ్, నీ మీద కోపం నాకు ఇంకా పోలేదు. పాపసంకీర్తనంలో చాలాసార్లు చెప్పుకున్నాను, పోలేదు. అయినా ఈ పని నీకే ఎందుకు పెట్టానంటే, ఆ రోజు నాన్నని చూసి అందరికంటే ఎక్కువ ఏడ్చింది నువ్వే. నీ ప్రేమకి వేరే పని ఇవ్వాలనిపించింది.

6. బాబాయి కూతురు షాలోమికి నా పుస్తకాలన్నీ, అమ్మ చెవి దిద్దులూ. పేజీ మూలలు మడవకూడదు. పుస్తకం నచ్చకపోతే మధ్యలో ఆపేయవచ్చు, అది పాపం కాదు. నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

7. పక్కింటి సీతమ్మ పిన్నికి నా కుక్కరు, రెండు దుప్పట్లు. నాన్న రాని రాత్రుల్లో అన్నం పంపించి, ఏమీ అడగకుండా గిన్నె తీసుకెళ్ళిన మనిషి ఆమె. మా దేవుడూ ఆమె దేవుడూ వేరు. నాకు జ్వరం వచ్చిన ప్రతిసారీ ఇద్దరికీ చెప్పింది.

8. బ్యాంకులో నా పేర ఉన్నది ఆపరేషను ఖర్చు పోగా ఏమైనా మిగిలితే స్కూలు లైబ్రరీకి ఒక ఫ్యాను కొనాలి. వెనక వరసలో చదువుకునే పిల్లలకి గాలి రాదు. నలుగురిలో మాట్లాడలేని పిల్లలు అక్కడే కూర్చుంటారు. నేనూ అక్కడే కూర్చున్నాను.

9. నాన్నకి అమ్మ జపమాల. అందులో ఒక పూస పోతే అమ్మ దాని చోట చింతగింజ గుచ్చింది. వేళ్ళకి ఆ గింజ తగిలినప్పుడు అమ్మ గుర్తొస్తుందని నాన్న అనేవాడు.

నాన్నా, నువ్వు తాగవని నేను దేవుడితో ఒప్పందం ఏదీ చేసుకోలేదు. నా ప్రాణం అడ్డుపెట్టి నీ చేత ఒట్టు వేయించుకోవడం లేదు. తోట నీదే, జపమాల నీదే, తాగినా నీవే. ఒకవేళ తాగితే, మర్నాడు గుడికి వెళ్ళు. సిగ్గు తగ్గేదాకా ఆగకు. తాడు అక్కడే ఉంటుంది. నువ్వు రెండుసార్లు లేచావు. మూడోసారి లేవడానికి నేను ఉండనని కాదు, లేవడం నీకు వచ్చునని చెబుతున్నాను.

10. నేను బతికి ఇంటికి వస్తే ఈ కాగితాలు బీరువాలోనే ఉంటాయి. ఎప్పటికైనా చెల్లుతాయి. గేటు దగ్గర నిలబడే పని కూడా ఎప్పటికైనా చెల్లుతుంది బాబాయ్.

పైన రాసినదంతా చదువుకుని, సమ్మతించి, ఈ కింది ఇద్దరి ఎదుట సంతకం చేస్తున్నాను. వాళ్ళకి ఇందులో ఏమీ రాయలేదు. సాక్షులకి ఆస్తి రాయకూడదట. మౌనిక క్షమించాలి, నా పెన్ను తనకి ఇవాళే చేతికి ఇచ్చేస్తాను.

ముసునూరు,
2026 మార్చి 14, శనివారం.

(సంతకం) కలపాల మరియ మాధురి

సాక్షులు:
పాల్ రాజు, పోస్టుమాన్, ముసునూరు
మౌనిక, సైన్సు టీచరు, నూజివీడు

సంతకాలయ్యాక మిగిలిన చోటులో ఒక్క మాట. తాగి వచ్చినవాళ్ళ దగ్గర బ్లడ్ బ్యాంకులో రక్తం తీసుకోరు. నిన్న విజయవాడలో నా ఆపరేషను కోసం నాన్న రక్తం తీసుకున్నారు.