పిట్ట ముక్కు, పురుగు ముక్కు

మార్చి 3
మ్యూజియంలో కొత్త గాజు బీరువా మా అత్తాకోడళ్ళకే ఇచ్చారు. 'ముక్కులు' అని పేరు. అత్తగారు చచ్చిన కంకణం పిట్ట చర్మంలో పీచు కూరి, బతికున్నట్టు నిలబెట్టాలి. బురదనీళ్ళలో నడిచే పక్షి, కొడవలి లాంటి ముక్కు. నేను గింజలకు తూట్లు పొడిచే ముక్కు పురుగు మోడల్‌ని పిట్టంత సైజులో చేయాలి. క్యూరేటర్ నన్ను పక్కకు పిలిచి, మీ అత్తగారికి చూపు ఆనడం లేదటగా అన్నాడు. ఈ పిట్టలో తేడా వస్తే ఇక రెస్ట్ ఇచ్చేస్తారట. నేను పుట్టకముందు నుంచీ ఈ పనే చేస్తున్న మనిషికి రెస్ట్! ఒళ్ళు మండింది.

మార్చి 5, రాత్రి
ఈ పురుగు మీద మనసు పారేసుకున్నాను. దవడలు ముక్కు కొసన ఉంటాయి! గింజకు కన్నం పెట్టి, వెనక్కి తిరిగి అందులోనే గుడ్డు పెడుతుంది. భోజనాల దగ్గర చెబితే, ఓస్ ఇంతేనా అన్నారు అత్తగారు. ఆవిడ పిట్ట అయితే ముక్కును బురదలోకి దించి, కళ్ళతో పనే లేకుండా, కొసకు తగిలినదాన్ని తగిలినట్టు పట్టేస్తుందట. నీ పురుగుకు అంత సీనుందా అని అడిగారు. మా ఆయన కంచం పట్టుకుని టీవీ ముందుకు పారిపోయాడు.

మార్చి 6
లేదు. అంత సీను లేదు.

మార్చి 10
అత్తగారు కళ్ళు మూసుకుని నా పురుగును తడిమారు. మీసాలు తల మీద మొలిచాయేమే, మొన్న నువ్వు ముందుగా చేసిన మట్టి నమూనాలో ముక్కు మధ్యన కదా తగిలాయి అన్నారు. నిజమే. సిగ్గేసింది. అంతకు మించి ఆ వేళ్ళను చూస్తే ముచ్చటేసింది.

మార్చి 14
పిట్టకు ఒక కన్ను గోధుమరంగు గాజు, రెండోది నల్లపూస. నా పురుగు కోసం తెచ్చిన నల్లపూస! రేపే క్యూరేటర్ చూడటానికి వస్తాడు. గుట్టుగా మార్చేద్దామని పట్టకారు అందుకున్నాను. వెనక నుంచి అత్తగారు, ఏం చేస్తున్నావే అన్నారు. అబద్ధం నోటికి రాలేదు, చెప్పేశాను. ఆవిడ ముట్టుకోవద్దని మాత్రం చెప్పి, పిట్ట ముక్కు నిమురుతూ కూర్చున్నారు. ఆవిడకు ఎంత భయమేసిందో. నాకు ఏడుపొచ్చింది.

మార్చి 15
క్యూరేటర్ నోరు తెరిచేలోపే అత్తగారే చెప్పేశారు, ఆ కన్ను తప్పని. ఇక నుంచి ముక్కులు నేను చూసుకుంటా, కళ్ళు మా కోడలు చూసుకుంటుంది, ఇష్టమైతే ఇద్దరినీ ఉంచండి, లేదంటే మానేయండి అన్నారు. ఎంత ధైర్యం! ఆయన పిట్ట చుట్టూ తిరిగి తిరిగి ముక్కు దగ్గర ఆగిపోయాడు. చివరికి, వచ్చే నెల కొంగ ఉంది, ఇద్దరూ కలిసి చేయండి అన్నాడు.

మార్చి 16
నల్లపూస తీసి గోధుమరంగు కన్ను పెట్టాను. అత్తగారు వేలితో తడిమి, ఇప్పుడు చూస్తోంది అన్నారు.