పెటిఫర్డ్‌ల గిన్నెలో ఎండుద్రాక్ష

కార్వర్స్ ఫోర్డ్, ఒహాయో
ఆగస్టు 18, సోమవారం

ఓడలో ఉన్న నాన్నకి,

ఒడ్డున ఉన్న ఎలీస్ ముద్దులు. అమ్మా నేనూ క్షేమం. నా పరువొక్కటే కాస్త దెబ్బతింది. ఎలాగో రాస్తాను, నవ్వకు.

నీ ఊరికొచ్చి ఆర్నెల్లయినా ఇక్కడ నేనెవరినో నాకే తేలలేదు. బడిలో నల్లపిల్లలు నన్ను తెల్లపిల్లంటారు, తెల్లపిల్లలు నల్లపిల్లంటారు. అందుకే ఊరి చరిత్ర రాయమంటే మన చర్చిని ఎంచుకుని, వేసవంతా పాత రిజిస్టర్లలో తల దూర్చాను. బానిసత్వం వదిలించుకుని వచ్చిన మన మూలపురుషుడు సోలమన్ తాతే ఈ చర్చికి ఇటుకలు కాల్చాడట! తూర్పుగోడలో ఒకదాని మీద ఆయన బొటనవేలి ముద్ర ఉంది. నా వేలు పెట్టి చూశాను. ఆయనది చాలా పెద్దది.

నిన్న చర్చి పండగ. భోజనాలయ్యాక చర్చిలో అందరికన్నా పెద్దదైన ఆర్డీలియా మామ్మ ఇంటిపేర్లు పిలుస్తుంది, ఆ ఇంటివాళ్లు లేచి నిలబడాలి, నీకు తెలిసిందే. మన పేరు పిలిచినప్పుడు లేవాలని ఎన్నాళ్లుగానో ఎదురుచూశాను. ఉత్తచేతుల్తో ఎలా వెళ్లడమని, మనింటి సొరుగులో దొరికిన పాత చీటీ చూసి బంగాళాదుంప సలాడ్ చేశాను. అందులో ఎండుద్రాక్ష వేయమని ఉంది. వేశాను.

ఇక చూడు! ఆడవాళ్లంతా గిన్నె చుట్టూ మూగారు. సలాడ్‌లో ఎండుద్రాక్షా, ఇది తెల్లవాళ్ల వంట, పాపం తల్లి నేర్పిందేమోనని ఒకావిడ. కేకు చేయబోయి మధ్యలో మనసు మార్చుకుందేమోనని ఇంకొకావిడ. అమ్మ నవ్వేసి, తప్పు నాదేనని మీదేసుకుంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. తీరా పెటిఫర్డ్ అని పిలిస్తే లేవలేకపోయాను. మామ్మ రెండోసారి కూడా పిలిచింది. బల్ల కింద నా చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాను.

నిండు గిన్నె అలాగే ఇంటికి మోసుకొచ్చిన,
నీ ఎలీస్

తా.క.: కవరు అంటించబోతూ మళ్లీ విప్పాను. మధ్యాహ్నం రిజిస్టర్లు తిరిగి ఇవ్వబోతే వాటి మధ్య చర్చి వాళ్ల 1961 నాటి వంటల పుస్తకం దొరికింది. బంగాళాదుంప సలాడ్, ఎండుద్రాక్ష గుప్పెడు. కింద పేరు వెర్లీన్ పెటిఫర్డ్. సాక్షాత్తూ మీ నాయనమ్మ! అమ్మ అసలా చీటీ చూడనే లేదట, నన్ను కాయడానికి అలా అంది.

పరుగున వెళ్లి ఆర్డీలియా మామ్మకి చూపించాను. నన్ను వంటింట్లో కూర్చోబెట్టి, కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"మీ తాతమ్మ చేసినప్పుడు కూడా ఎవరూ ముట్టలేదే పిల్లా. అయినా ఏటా తెచ్చేది, మొండిఘటం."

పుస్తకం మూసింది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నా, చర్చంతా వినబడేటంత గొంతుతో పిలిచింది.

"పెటిఫర్డ్."

లేచి నిలబడ్డాను, నాన్నా. వచ్చే ఏడు రెండు గుప్పెళ్లు వేస్తాను.