సగంలో ఆపడం

ప్రియమైన గడుగ్గాయికి,

నేను ఫోన్ ఎత్తడం లేదని అలిగావట, మీ బావ చెప్పారు. అలక మాని ఇది చదువు. ఆ వైరస్ జ్వరం తగ్గి ఇన్ని నెలలైనా నాకు మాట్లాడితే ఆయాసం వస్తోంది. నీతో ఒకసారి మాట్లాడానంటే ఆ పూట కూర తరగలేను. రాయడానికి ఊపిరి అక్కర్లేదు కాబట్టి ఇకమీదట ఉత్తరాలే.

డాక్టరు అన్ని పరీక్షలూ చేయించాడు. రిపోర్టులు బాగానే ఉన్నాయి. నేనే బాగాలేను. ఆ మాటే అంటే ఆన్‌లైన్ క్లాసులో చేరమని ఒక చీటీ రాసిచ్చాడు. అప్పటినుంచీ ఫోన్‌ను నీళ్ల సీసాకి ఆనించి, దాని ముందు కూర్చుని ఊపిరి తీసుకోవడం నేర్చుకుంటున్నాను. నేర్పే అమ్మాయి ఎక్కడో ఆస్పత్రిలో ఉంటుంది. నాలాంటి రోగులం తెరమీద గళ్లు గళ్లుగా కనిపిస్తాం. ముక్కుతో మెల్లగా తీసుకోవాలి. పెదాలు సున్నాలా చుట్టి, ఎదురుగా దీపం ఉందనుకుని వదలాలి. దీపం వణకాలి, ఆరకూడదు. మొన్న నెట్ ఆగిపోయి ఆ అమ్మాయి కళ్లు మూసుకుని అలాగే నిలిచిపోయింది. ఎప్పుడు వదలమంటుందా అని అందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

మాలో ఒక లారీ డ్రైవరు ఉన్నాడు. "స్నానం చేసొచ్చి ఒళ్లు తుడుచుకునే ముందు కాసేపు కూర్చోవాల్సొస్తోందండీ. ఇంట్లో చెబితే నవ్వుతున్నారు" అన్నాడు. మాలో ఎవరూ నవ్వలేదు. నేనూ కూర్చుంటున్నాను. మీ బావకి చెప్పలేదు.

ఈ క్లాసులో అన్నిటికన్నా కష్టమైన నియమం ఒకటుంది. ఏ పనైనా అలుపు రాకముందే, సగంలో ఆపేయాలట. సగం తుడిచిన గచ్చు ఎక్కడైనా చూశావా?

నీ మోకాలు ఎలా ఉంది?

ఆశీస్సులతో,
అక్క

&nbsp;

ప్రియమైన హెడ్మాస్టరమ్మకి,

ఉత్తరం కుట్టుమిషన్ మీద పెట్టుకుని చదివాను. ఊపిరి తీసుకోవడానికి కూడా క్లాసేమిటే అక్కా? పుట్టగానే నేర్చేసుకున్నాం కదా! పోనీ, పరీక్షలు కూడా ఉంటాయా? ఉంటే నీదే ఫస్టు.

నా మోకాలికి ఆపరేషన్ తప్పదన్నారు. వచ్చే నెలలో. తర్వాత కొన్ని వారాలు నిలబడి వంట కూడా చేసుకోకూడదట. ఎవరైనా మనిషిని పెట్టుకోమంటున్నారు. నాకు నువ్వే కావాలి. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, నాకు తెలుసు. మెల్లగా ఎక్కుదువుగాని. అమ్మ పోయాక నాకు ఏమొచ్చినా వచ్చింది నువ్వే కదా. రిపోర్టులు బాగున్నాయని నువ్వే రాశావు, ఇంక భయమేమిటి? నువ్వు రానంటే ఆపరేషన్ మానేసి ఇలాగే కుంటుతూ ఉంటాను.

బావగారికి చెప్పు, ఆయన మరదలు కుంటినా అందగత్తేనని.

నీ గడుగ్గాయి

&nbsp;

ప్రియమైన గడుగ్గాయికి,

వస్తున్నాను. తేదీ తెలియగానే రాయి.

మా మేడ మెట్లు రోజూ ఎక్కి దిగుతున్నాను. నిన్నటి నుంచి కూరగాయల సంచీ కూడా పట్టుకుని ఎక్కుతున్నాను, నీ దగ్గర ఎలాగూ మోయాలి కదా. క్లాసులో ఈ సంగతి చెప్పలేదు. చెబితే ఆ అమ్మాయి సగంలో ఆపమంటుంది. నువ్వేమో సగం మెట్ల దగ్గర లేవు.

నేనొచ్చేదాకా వంటింటి అల్మరా సర్దకు. నువ్వు సర్దితే నేను మళ్లీ సర్దుకోవాలి.

ఆశీస్సులతో,
అక్క

&nbsp;

ప్రియమైన అక్కకి,

తేదీ రాశాను, జవాబు లేదు. మళ్లీ రాశాను, లేదు. ఫోన్ చేస్తే బావగారు ఎత్తి "మీ అక్క పడుకుంది" అంటారు. పొద్దున చేసినా అదే మాట, సాయంత్రం చేసినా అదే మాట. నువ్వు పగలు పడుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఏం దాస్తున్నారు బావా?" అని గట్టిగా అడిగాను.

"దాచడానికేముందమ్మా! మెట్ల మీద కూలబడింది. అప్పట్నుంచీ మంచం దిగడం లేదు. నీతో చెప్పొద్దంది" అన్నారు. నన్ను ఏడిపించకుండా ఫోన్ పెట్టేయడం ఆయనకిదే మొదటిసారి.

ఆపరేషన్ వచ్చే సోమవారం. వాయిదా వేయమని అడుగుతాను. నీకు తగ్గాక, నువ్వొచ్చాకే చేయించుకుంటాను. రెండు ముక్కలు రాయవే, చాలు.

నీ చెల్లి

&nbsp;

ప్రియమైన చెల్లికి,

వాయిదా వేయకు. నేను రావడం లేదు. ఈ ఉత్తరం తెచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టి మంచినీళ్లివ్వు, మూడంతస్తులు ఎక్కొచ్చారు.

ఇది కొంచెం కొంచెం రాసి ఆపుతూ పూర్తిచేస్తున్నాను. మెట్ల మీద పడ్డాక అంతా మళ్లీ మొదటికొచ్చింది. క్లాసు పడుకునే విన్నాను. అయ్యాక ఆ అమ్మాయి నన్ను ఉండమని, నేను విశ్రాంతి తీసుకునే చోటు చూపించమంది. మీ బావ ఫోన్ తిప్పి చూపించారు.

"మంచం పక్కన ఆ బట్టలు ఎవరు మడతపెట్టారమ్మా?"

"నేనే."

"ఎప్పుడు?"

"మీరు విశ్రాంతి తీసుకోమన్నప్పుడు. కూర్చునే పెట్టాను."

నీ దగ్గరకి రావాలని మెట్లెక్కిన సంగతీ చెప్పాను. ఆ అమ్మాయి తిట్టలేదు. "మీ చెల్లెలింటికి మీరు వెళ్లగలరు. మెట్లూ ఎక్కగలరు. తర్వాత ఎన్నాళ్లు మంచాన ఉంటారో మాత్రం నేను చెప్పలేను" అంది. స్నానం చేశాక కూర్చుండిపోతున్న సంగతి అప్పుడే బయటపెట్టాను. పక్కనే ఉన్న మీ బావ విన్నారు. మర్నాడు స్నానాలగదిలో స్టూల్ వేసి ఉంది.

ఎవరికైనా రానని చెప్పడం నాకిదే మొదలు. నువ్వు కుంటుతానని బెదిరించినా ఇదే మాట. నాకు నయం కావాలి.

నీ దగ్గర ఉండేది మీ బావే. సెలవు పెట్టారు. నేను మంచాన ఉండగా వంట నేర్చుకున్నారు. అన్నం బాగానే వండుతారు, కూరలో మాత్రం ఉప్పు వేశానో లేదోనని ఇంకోసారి వేస్తారు, కనిపెట్టుకుని ఉండు. "మరదలికి వండిపెట్టే బావని ఎక్కడైనా చూశారా?" అని వీధంతా చెప్పుకొస్తున్నారు. నాకు భోజనం పక్కింటావిడ పంపుతానంది. నేనే వెళ్లి అడగలేక ఆవిణ్ని పిలిపించి అడిగాను.

ఆయన ఇప్పుడు ఎదురుగా సంచీ సర్దుకుంటున్నారు. ఇన్నేళ్లూ నేనే సర్దేదాన్ని. చొక్కాలు ఉండలు చుట్టి కుక్కారు. తువ్వాలు కుర్చీ మీదే వదిలేసి జిప్పు వేసేశారు. చెబితే సంచీ విప్పుతారు. విప్పితే ఆ చొక్కాలు చూస్తూ నేను పడుకోలేను. అందుకని చెప్పలేదు.

నీ దగ్గర ఉతికిన తువ్వాలు ఉంటే ఒకటి ఆయనకివ్వు.

నీ అక్క