బంకు దగ్గర మరిచిపోయిన అమ్మ

నార్త్ డకోటా రాష్ట్రం, విల్లో క్రీక్ ఊరి కాపురస్తురాలు, కీర్తిశేషులు లైల్ హాల్వర్సన్ భార్య, డెబ్బై తొమ్మిదేళ్ల ఆర్డిస్ హాల్వర్సన్ అను నేను, ఒంట్లో ఓపిక, బుర్రలో తెలివి రెండూ సక్రమంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా ఇష్టపూర్వకంగా రాసిన వీలునామా ఇది. నాకు మతి తప్పిందని నా కోడలు రోండా ఊరంతా చెప్పుకుని తిరుగుతోంది కనుక, మతి బాగానే ఉందని డాక్టరు చేత రాయించుకుని ఆ కాగితం దీనికి జతచేశాను.

ఇంతకు ముందు రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు. దీన్ని అమలు జరిపే బాధ్యత వకీలు మార్విన్ క్లెప్‌ది. ఇందులో తిట్లు తీసేయమని అతను పాపం బతిమాలాడు. తీయను. చచ్చాక కూడా నోరు మూసుకోవడం నా వల్ల కాదు.

వాకిట్లో మోటార్‌హోమ్, అదే పడకగదీ మరుగుదొడ్డీ ఉన్న మా పెద్ద బండి, ఇంజను ఆడుతోంది. నా కొడుకు కర్టిస్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఈసారి తూర్పు సముద్రం దాకా, మెయిన్ రాష్ట్రానికట. ఈ కాగితం మీద సంతకం పెట్టందే నేను బండెక్కను. కిందటేడు పడమటి సముద్రానికి పోయినప్పుడు నన్నేం చేశారో ఎరిగినవాళ్లు నన్ను తొందరపెట్టకపోతే మంచిది.

1. సదరు మోటార్‌హోమ్. నా భర్త పాతదే కొన్నాడు, ఇప్పుడు మరీ పాతదైంది. కప్పు కారుతుంది, మిట్ట ఎక్కాలంటే చూడి ఆవులా రొప్పుతుంది. దీన్ని సర్వహక్కులతో కర్టిస్‌కు ఇస్తున్నాను. మురుగు ట్యాంకు ఖాళీ చేసే గొట్టం, రబ్బరు గ్లవుజులు కూడా వాడికే. బండి ఎక్కడ ఆగినా ఆ గొట్టం లాగింది నేను. "అమ్మకు అలవాటేలే" అనేవాడు, కుర్చీలో కాళ్లు చాపుకుని. ఇక నువ్వే అలవాటు చేసుకో నాయనా.

2. నా పింగాణీ సెట్టు. పెళ్లై వచ్చిన రోజు నుంచీ రోండా కన్ను దీని మీదే. గిన్నెలన్నీ చర్చిలో నా పక్కన కూర్చునే డొలోరెస్‌కు. మూతలు రోండాకు.

3. ఈ అంశంలో ఆస్తి ఏమీ లేదు. అయినా చదవాలి.

కిందటేడు ప్రయాణంలో మోంటానాలో పెట్రోలు పోయించడానికి ఒక బంకు దగ్గర ఆపారు. నేను వెనక పడకగదిలో పడుకుని ఉన్నాను. దుప్పటి అవతలికి తన్నేసి, చెప్పులు తొడుక్కుని, బంకులో ఉన్న బాత్‌రూముకి వెళ్లాను. బయటికొచ్చి చూస్తే బండి లేదు. చేతిసంచీ, ఫోను బండిలో ఉండిపోయాయి. ఎవరి నంబరూ నాకు నోటికి రాదు. కౌంటర్లో ఉన్న జానెల్ అనే అమ్మాయి నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. "పెద్దమ్మా, ఏటా ఎవరో ఒకర్ని ఇలాగే వదిలేసి పోతారు. కుక్కను మరిచిపోతే మాత్రం వెంటనే పరిగెత్తుకొస్తారు" అంది.

నా కుక్కలు చీకటి పడే వేళకు వచ్చాయి. ప్రేమ పొంగుకొచ్చి కాదు, మురుగు ట్యాంకు నిండి. కర్టిస్ పడకగదిలోకి వెళ్లి, "అమ్మా, లే, ట్యాంకు నిండింది" అని నన్ను పట్టుకుని కుదిపాడట. చేతికి దిండ్లు తగిలాయట. ఈ ముచ్చట రోండా థాంక్స్‌గివింగ్ పండగ భోజనాల దగ్గర పడీపడీ నవ్వుతూ చెప్పింది: "దారిలో నేను తొంగి చూశానత్తయ్యా! ముసుగు తన్ని పడుకున్నారనుకున్నా. దిండ్లని ఎవరికి తెలుసు!" ఆ దిండ్లు లేచి దుప్పటి కప్పుకున్నాయా అని ఎవరూ అడగలేదు.

పడమటి సముద్రం కూడా చూశాను. బూడిద రంగులో, చలిచలిగా ఉంది. దాని కోసం అంత దూరం పోనక్కర్లేదు.

4. పైన చెప్పిన జానెల్‌కు నా ఉన్ని కోటు. ఆ రోజు నేను వణుకుతుంటే తన చలికోటు విప్పి నాకు కప్పింది. ఆ పిల్లను వెతికి పట్టుకునే ఖర్చు కర్టిస్ వాటాలోంచి తీయాలి.

5. సరస్సు ఒడ్డున ఉన్న ఇల్లు, పడవల రేవుతో సహా. ఈ యాత్రలన్నీ దీని కోసమేనని నాకు తెలుసు. "ఇంటి సంగతి దారిలో తీరిగ్గా మాట్లాడుకుందాం అత్తయ్యా" అని రోండా నిన్న కూడా అంది. మాట్లాడుకోవడానికేం లేదు. నా తదనంతరం ఆ ఇల్లు నా కూతురు గెయిల్‌కు చెందుతుంది. షరతు ఒక్కటే. వకీలు ఇక్కడ ఆపి ఈ కాగితం గెయిల్ చేతికివ్వాలి. ఆమె లేచి నిలబడి, అన్న, వదినల ఎదుట మిగతాదంతా పైకి చదవాలి. ఒక్క మాట మింగినా, మధ్యలో ఆపినా ఇల్లు రోండాకు పోతుంది. రోండా, శ్రద్ధగా విను, నీకూ ఆశ ఉంది.

6. (ఇక్కడి నుంచి గెయిల్.) నేను, గెయిల్ హాల్వర్సన్, ఆస్పత్రిలో నర్సుని. బంకు దాటిన కాసేపటికే పడకగది తలుపు తీశాను. మంచం ఖాళీగా ఉంది. అమ్మ బంకు దగ్గరే ఉండిపోయిందని తెలిసింది. బండి ఆపమని అన్నతో చెప్పలేదు. దిండ్లు మంచం పొడుగునా పేర్చి, దుప్పటి కప్పి, ఆస్పత్రి మంచాలకు చేసినట్టు మూలలు మడిచి పరుపు కిందకు దోపాను. మా ఇంట్లో అలా దోపేది నేనొక్కదాన్నే. తలుపు వేసి ఇవతలికొచ్చి, "అమ్మ నిద్రపోతోంది, లేపకండి" అన్నాను. ఇంటి నుంచి బయల్దేరినప్పటి నుంచీ నా రెండో పెళ్లి కూడా ఎందుకు పెటాకులైందో అమ్మ చెబుతూనే ఉంది. కాసేపు ఆ గొంతు వినపడకుండా ఉంటే చాలనుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా అందరం పాటలు పాడుకున్నాం. ఎంత హాయిగా ఉందో.

7. ఆపకు గెయిల్, ఇక్కడి నుంచి నా మాటలు. తిరిగి బండెక్కి ఆ దుప్పటి మూల చూడగానే ఎవరి పనో గుర్తుపట్టాను. నువ్వు లేపొద్దన్న మాట, మీ పాటల సంగతి తర్వాత రోండా వాగుడులో తెలిశాయి. ఆ మంచం మీదే కూర్చుని ఏడ్చాను. నిన్ను అడగలేదు. అడిగితే కాదంటావు, నేను నమ్మేస్తాను. నీ పెళ్లి గురించి అన్నవన్నీ మళ్లీ అంటాను, అవి నిజాలు. ఇందాక నువ్వు నా పెట్టె బండిలో పెట్టి, "ఈసారి ముందు సీట్లో కూర్చో అమ్మా" అన్నావు. నా మొహంలోకి చూడకుండా అన్నావు.

బంకులో నేను కిటికీ వదలకుండా నిలబడితే జానెల్ జాలిపడి, "మీరు లేరని ఎవరైనా చూసుకుంటారా పెద్దమ్మా?" అని అడిగింది. "మావాడు చూసుకోడు, కోడలు చూసుకున్నా చెప్పదు. మా గెయిల్ ఉంది, అందరికంటే ముందు అదే చూసుకుంటుంది" అన్నాను. నేనన్నట్టే జరిగింది.

పై అంశాలన్నీ నేనే రాసి, చదువుకుని, 2011 జూన్ 14 ఉదయం నా వంటింటి బల్ల దగ్గర చేసిన సంతకం:

ఆర్డిస్ హాల్వర్సన్

ఆమె సంతకం చేయగా కళ్లారా చూసిన సాక్షులు:

ఎవరెట్ బ్రాటెన్, పక్కింటివాడు
నోరీన్ లిండాల్, చర్చిలో ఆర్గన్ వాయించే ఆమె